టెంక లేని ముక్క

శ్రోతలకు నమస్కారం.

వేసవిలో మా వీధిలోకి తాటిముంజల బండి వస్తుంది. బండి మీద చిన్న స్పీకరు. అందులో రికార్డు చేసి పెట్టిన గొంతు ఒకటే మాట మళ్లీ మళ్లీ చెబుతుంది. "లేత ముంజలమ్మా, వేలు పెడితే నీళ్లు చిమ్మే ముంజలు!" అంతే. ధర చెప్పదు, ఒంటికి చలవ అని చెప్పదు. ఆ మాట చెవిన పడగానే బొటనవేలు ముంజలోకి దిగినట్టు, నీళ్లు మణికట్టు దాకా కారినట్టు అనిపిస్తుంది. వంటింట్లో ఉన్నవాళ్లు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేస్తారు. ఇరవై ఏళ్లుగా విజయవాడలో ప్రకటనలు రాస్తూ బతుకుతున్నవాణ్ణి. నాకు తెలిసిన గొప్ప హెడ్‌లైన్లలో అది ఒకటి.

ప్రకటనలో జనం కంటికో చెవికో తగిలే మొదటి మాటను మేం హెడ్‌లైన్ అంటాం. పేపర్లో అయితే పైన పెద్దక్షరాలతో ఉండేది. ఫోన్‌లో అయితే పైకి తోసుకుంటూ పోయే వేలు కాస్త ఆగే చోటు. రేడియోలో అయితే, పోపు వేగుతున్న చప్పుడులోంచి కూడా వినిపించాల్సిన మొదటి వాక్యం. బ్రిటన్‌లో పుట్టి, న్యూయార్క్‌లో ప్రకటనల ఏజెన్సీ పెట్టిన డేవిడ్ ఒగిల్వీ ఒక లెక్క చెప్పేవాడు. లోపలి విషయం చదివేవాళ్లు ఒకరుంటే, హెడ్‌లైన్ చదివేవాళ్లు సగటున అయిదుగురు ఉంటారట. అంటే పెట్టిన డబ్బులో చాలా భాగం ఆ ఒక్క లైను మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు ఆ లైను రాసిపెట్టడానికి ఏఐ వచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకే మా ఆఫీసుకు వచ్చే కొట్లవాళ్లు ఫోన్ తీసి చూపించడం మొదలుపెట్టారు. "హెడ్డింగ్ మేమే రాయించుకొచ్చాం సార్, మీరు డిజైన్ చేసి ఇస్తే చాలు" అనేవాళ్లు. చూస్తే స్వీట్ షాపుకీ, చీరల కొట్టుకీ, ట్యూషన్ సెంటర్‌కీ ఒకే మాట. నాణ్యతకు మారుపేరు. సంప్రదాయానికి ఆధునికత తోడైన వేళ. నాకు బాధేసింది. ఎందుకంటే ఆ చీరల కొట్టాయన నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. పట్టుచీర అమ్మేముందు అంచులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో అంటించి, కాలిన వెంట్రుక వాసన వస్తోందో లేదో కొనేవాళ్లనే చూసుకోమంటాడు. అసలు పట్టుకు అదీ పరీక్ష. ఆ పోగు సంగతి ఏఐకి తెలియదు. ఆయన దానికి చెప్పలేదు.

ఇవాళ నేను మీతో చెప్పాలనుకున్నది ఈ చెప్పకపోవడం గురించే.

మా పిన్ని తెనాలిలో ఉంటుంది. ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ పెట్టి అమ్ముతుంది. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు కూడా వెళ్తుంది ఆ ఆవకాయ. రెండేళ్ల కిందట నేను వెళ్లినప్పుడు, "ఏరా, ఆ కంప్యూటరు రాస్తుందటగా, నాకూ ఒక మంచి మాట రాయించి పెట్టు" అంది. అక్కడే కూర్చుని, ఆవకాయకు పది హెడ్‌లైన్లు కావాలని ఫోన్‌లో అడిగాను. పది వచ్చాయి, రెప్పపాటులో. మొదటిది పైకి చదివాను. "మీ రుచి మొగ్గలను మేల్కొలిపే అద్భుత అనుభవం."

పిన్ని చేతిలో పని ఆపి, "రుచి మొగ్గలేంట్రా?" అంది.

ఆ ప్రశ్న సరైనది. మన ఇళ్లలో ఎవరూ రుచి మొగ్గలు అనరు. నోరూరుతోంది అంటాం. లేదా, ఇంకో ముద్ద కలుపు అంటాం. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఈ యంత్రాలు కోట్లాది పేజీలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకుంటాయి. చదివినదాంట్లో ఇంగ్లిషు కొండంత, తెలుగు గుప్పెడు. అందుకని చాలాసార్లు ఇంగ్లిషు ఆలోచనకు తెలుగు చొక్కా తొడిగి ఇస్తాయి. పైగా మనం వివరమేమీ ఇవ్వకుండా అడిగితే, అందరికీ వచ్చే జవాబే మనకూ వస్తుంది. పక్క కొట్టతను అదే ప్రశ్న అడిగితే అతనికీ దాదాపు అదే ఇస్తుంది. హెడ్‌లైన్‌కు ఉండాల్సిన మొదటి గుణమే పక్కవాడిలా లేకపోవడం కదా.

ఫోన్ పక్కన పెట్టేసి పిన్నినే అడగడం మొదలుపెట్టాను. కాయ ఎక్కడిది? నూజివీడు వైపు తోటలది, తెల్లవారుజామున దిగింది. ముక్కలు ఎవరు కొడతారు? బజారులో కొట్టించదట, ఇంట్లోనే కత్తిపీట ముందు కూర్చుంటుంది. నేను చూస్తుండగానే ఒక కాయ కొట్టింది. దెబ్బ నిలువుగా పడింది. జీడి తీసేసింది, దాని కింద ఉన్న పల్చటి పొర గోటితో గీకేసింది, పొడి గుడ్డతో ముక్కను తుడిచింది. ఒక ముక్కకు టెంక ఊడిపోయింది. దాన్ని పక్కన గిన్నెలో పడేసింది. ఆ గిన్నె అప్పటికే సగం నిండి ఉంది. "అవన్నీ ఏం చేస్తావు పిన్నీ?" అంటే, "పప్పులోకి. టెంక లేకపోతే ముక్క నెల తిరక్కుండా మెత్తబడిపోతుంది. దాన్ని డబ్బు తీసుకుని ఎవరికి పంపుతాన్రా?" అంది.

అప్పుడు మళ్లీ ఫోన్ తీశాను. ఈసారి చూసినదంతా రాశాను. కొనేది ఎవరో రాశాను: ఊరికి దూరంగా ఉంటూ, అమ్మ చేతి ఆవకాయ గుర్తున్న నడివయసు మనిషి. అద్భుతం, అనుభవం, సంప్రదాయం, నాణ్యత అనే మాటలు వాడొద్దన్నాను. ఆరేడు మాటలు దాటొద్దన్నాను. పది కాదు, యాభై కావాలన్నాను. కత్తిపీట గురించి కొన్ని, పక్కన పెట్టిన గిన్నె గురించి కొన్ని, మూడో రోజు తిరగ కలపడం గురించి కొన్ని, ఇలా వేర్వేరు దారుల్లో వెళ్లమన్నాను.

యాభైలో నలభైకి పైగా పనికిరావు. ఇది మీరు ముందే తెలుసుకుంటే నిరాశపడరు. అయిదారు ఫరవాలేదు. ఒకటి మాత్రం దగ్గరగా వచ్చింది. "టెంక లేని ముక్క మా జాడీలో ఉండదు."

పిన్నికి చదివి వినిపించాను. ఒక్క క్షణం ఆలోచించి, "ఉండదు కాదురా, పడదు అను" అంది.

టెంక లేని ముక్క మా జాడీలో పడదు. పైకి అని చూడండి. ఉండదు అంటే కబురు. పడదు అంటే పట్టుదల. ముక్కను పక్కన పడేసిన ఆ చెయ్యి కనిపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. గూగుల్ వెతుకులాట ప్రకటనల్లో ఒక్కో హెడ్‌లైన్‌కు 30 అక్షరాలే హద్దు. మనకు "స్త్రీ" ఒక్క అక్షరం. కంప్యూటరు లెక్కలో అది ఆరు, గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. యంత్రం ఇచ్చిన లైను ఖాళీలతో కలిపి 31. పిన్ని మార్చాక సరిగ్గా 30.

యంత్రం లేకుండా ఆ లైను వచ్చేదా? నేను రోజంతా కూర్చుంటే వచ్చేదేమో. అరగంటలో రాదు. అది యంత్రం చేసిన మేలు, కాదనను. కానీ ఆ గిన్నె చూడకుండా అడిగి ఉంటే ఏడాదంతా అడిగినా అది రాదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. ఒగిల్వీ 1958లో రోల్స్ రాయిస్ కారుకు రాసిన హెడ్‌లైన్‌ను ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఈ రోజుకీ చెప్పుకుంటారు. గంటకు 60 మైళ్ల వేగంతో వెళ్తున్నప్పుడు కూడా ఈ కొత్త కారులో అన్నిటికన్నా గట్టిగా వినిపించేది దాని గడియారం చప్పుడే అని దాని సారాంశం. ఆ మాట గాలిలోంచి ఊడిపడలేదు. ఆయన మూడు వారాల పాటు ఆ కారు గురించి దొరికిందల్లా చదివాడు. ఒక మోటారు పత్రిక వాళ్లు కారును నడిపి చూసి రాసిన నివేదికలో ఆ గడియారం సంగతి కనిపించింది. 26 హెడ్‌లైన్లు రాసి, అందులోంచి దాన్ని ఎంచుకున్నాడు. ఆ 26 ఇవాళ యంత్రం క్షణంలో ఇస్తుంది. 2018లో చైనాలో అలీబాబా కంపెనీ తెచ్చిన యంత్రం సెకనుకు 20,000 లైన్లు రాయగలదని ప్రకటించారు. ఆ మూడు వారాల చదువు మాత్రం మనదే. ఎంచుకోవడమూ మనదే.

అలాగని యంత్రానికి ఏమీ తెలియదని అనుకోవద్దు. అమెరికాలో చేజ్ అనే పెద్ద బ్యాంకు 2016లో పర్సాడో అనే సంస్థ ఏఐతో ప్రకటనలు రాయించి పరీక్షలు మొదలుపెట్టింది. ఇంటి మీద అప్పు ఇచ్చే ప్రకటన ఒకటుంది. మనుషులు రాసిన దాంట్లో, మీ ఇంటి విలువ మీద నగదు పొందండి, ఒకసారి చూడండి అని ఉంది. యంత్రం మార్చి రాసింది ఇంచుమించు ఇలా ఉంటుంది: "నిజమే, మీ ఇంటి విలువలోంచి మీరు నగదు తీసుకోవచ్చు." బ్యాంకు చెప్పిన లెక్క ప్రకారం మొదటి దానికి వారానికి 25 దరఖాస్తులు వస్తే, రెండోదానికి 47 వచ్చాయి. 2019లో ఆ బ్యాంకు అయిదేళ్ల ఒప్పందం చేసుకుంది. వాక్యం మొదట్లో ఆ "నిజమే" చూడండి. చదివేవాడి మనసులో ఉన్న అనుమానానికి ముందే జవాబు చెప్పినట్టుంది. అనుభవం ఉన్న రచయిత అలాంటి మాట రాయడానికి సంకోచిస్తాడు. యంత్రానికి సంకోచం లేదు. అందుకే నేను దాన్ని వదులుకోను. నా చెయ్యి వెళ్లని చోటికి అది వెళ్తుంది.

కానీ సంకోచం లేకపోవడంలోనే ప్రమాదమూ ఉంది. నా చేతిలో జరిగిన తప్పు ఒకటి చెబుతాను. చిరుధాన్యాలతో మిఠాయిలు చేసే ఒక కొట్టుకు ఫ్లెక్సీ కావాలన్నారు. పండగ రోజులు, పని ఎక్కువ, టెన్షన్‌లో ఉన్నాను. ఏఐ ఇచ్చిన వాటిలోంచి ఒకటి తీసి పంపేశాను. "షుగర్ ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా తినొచ్చు." వినడానికి బాగుంది. ఆ మిఠాయిల్లో పడేది బెల్లం పాకం. నేను అడగలేదు, యంత్రానికి తెలియదు, కొట్టాయన ఫ్లెక్సీ చూసి మురిసిపోయాడు. వారం తర్వాత ఒకావిడ కొట్టుకు వచ్చి, వాళ్ల నాన్నగారు ఆ మాట చదివి రోజూ రెండేసి తింటున్నారని, షుగర్ బాగా పెరిగిపోయిందని చెప్పిందట. కొట్టాయన నాకు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రమే వెళ్లి, ఫ్లెక్సీ నా చేతులతో విప్పాను. ఆ పెద్దాయన కోలుకున్నారని తర్వాత తెలిసింది. అయినా ఆ మాట నేను పంపాను కాబట్టి నాదే.

చట్టం కూడా అలాగే చూస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఏఐ రాసింది కదా అంటే తప్పించుకోలేం. అందుకని అప్పటి నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. యంత్రం ఇచ్చిన ప్రతి లైనులో ఏ మాట నిజమని నాకు స్వయంగా తెలుసో దాని కింద పెన్సిల్‌తో గీత గీస్తాను. గీత పడని మాట ఉంటే, ఆ లైను ఎంత బాగున్నా బయటికి వెళ్లదు. "నూరేళ్ల చరిత్ర", "ఊళ్లో మొదటిది" లాంటివి యంత్రం అడక్కుండానే పెట్టేస్తుంది. వాటిని మొదటే కొట్టేస్తాను. ఇంకో మాట. మీ ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న జాబితాను ఆ యంత్రంలో ఎప్పుడూ వేయకండి. వాళ్లు మీకు ఇచ్చారు గానీ దానికి ఇవ్వలేదు.

బాగున్న రెండు లైన్లలో ఏది పనిచేస్తుందో తేలేదెలా? కొనేవాళ్లనే అడగాలి. వందేళ్ల కిందట అమెరికాలో పేపరు ప్రకటనల అడుగున కూపన్ వేసి, ఒక్కో హెడ్‌లైన్‌కు ఒక్కో గుర్తు పెట్టేవాళ్లు. ఏ గుర్తున్న కూపన్లు ఎక్కువ తిరిగొస్తే ఆ హెడ్‌లైన్ గెలిచినట్టు. మనకు వాట్సాప్ ఉంది. పిన్ని కొనేవాళ్లలో సగం మందికి ఒక లైను, మిగతా సగానికి ఇంకో లైను, ఒకే రోజు, ఒకే వేళకు పంపింది. ఎవరు ఏది చూసి ఫోన్ చేశారో క్యాలెండర్ వెనక గీతలు పెట్టుకుంది. కొద్దిమందితో చేసిన పరీక్ష కాబట్టి దాన్నే వేదంలా పట్టుకోకూడదు. అయినా ఏ లైను చూసి జనం వెంటనే ఫోన్ చేశారో పిన్నికి తెలిసింది. టెంక లైనుకు వచ్చిన ఫోన్లలో చాలామంది మొదట అన్న మాట, "మా అమ్మ కూడా ఇలాగే తీసేసేది."

ఈ ఏడాది సీజన్ మొదట్లో పిన్ని నుంచి ఫోన్ వచ్చింది. "ఏరా, ఈసారి కాయ మరీ పుల్లగా ఉంది. మూడు వారాలైనా ఊరితే గానీ బాగుండదు. జనం సీసా రాగానే తెరిచి, ఏంటీ పులుపు అంటారేమో" అని కంగారు పడింది. నేను ఆ మాటలే ఉన్నవి ఉన్నట్టు ఏఐకి ఇచ్చి, లైన్లు అడిగాను. అది పులుపు మాట దాచి, రుచి మాట పెంచి ఇరవై ఇచ్చింది. దాచొద్దు, అదే ముందు చెప్పమన్నాను. ఈసారి ఇచ్చినవాటిలో రెండింటిని కలిపి, నాలుగు మాటలు తీసేసి, పిన్నికి చదివాను.

"ఈ ఏడు కాయ పులుపెక్కువ. మూడు వారాలు ఆగి మూత తీయండి."

"ఆ, ఇది నేనన్నట్టే ఉంది" అంది. ఈసారి సీసాల మూత మీద ఆ కాగితమే అంటించి పంపుతోంది.

సెలవు. నమస్కారం.