గుండె లెక్కా, అడుగుల లెక్కా?

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మైదానానికి ఉదయం అయిదున్నరకే పిల్లలు వచ్చేస్తారు. పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షకు కొందరు, సైన్యంలో చేరడానికి కొందరు. ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి సైకిళ్ల మీద సరిహద్దు దాటి వచ్చేవాళ్లూ ఉన్నారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నేను పదవీ విరమణ చేసి నాలుగేళ్లయింది. అయినా ఆ వేళకు ఇంట్లో కాలు నిలవదు. ఈల మెడలో వేసుకుని వెళ్లిపోతాను.

పోయిన చలికాలంలో ఒక అమ్మాయి పరుగు మధ్యలో ఆగి నా దగ్గరికి వచ్చింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. చెయ్యి చాపి కొత్త స్మార్ట్ వాచీ చూపించింది.

"మాస్టారూ, గుండె వేగం 172 చూపిస్తోంది. నిన్న కూడా ఇంతే. నెమ్మదిగానే పరుగెత్తుతున్నాను. నా గుండెకు ఏమైనా అయిందా? అమ్మ పరుగు మానేయమంటోంది."

ఇన్ని మాటలు ఆమె ఎక్కడా రొప్పకుండా చెప్పింది. నాకు అనుమానం వచ్చింది అక్కడే. నిజంగా గుండె అంత వేగంగా కొట్టుకుంటూ ఉంటే, ఇన్ని వాక్యాలు ఒక్క ఊపున రావు. వెంటనే ఆమె మణికట్టు మీద, బొటనవేలి మొదలు కింద, నా రెండు వేళ్లు ఆనించాను. పది సెకన్లలో 23 సార్లు కొట్టుకుంది. ఆరుతో హెచ్చిస్తే 138. పరుగెత్తే వయసు పిల్లకు అది చక్కని లెక్క.

మరి ఆ 172 ఎక్కడిది? ఇంకో రెండు చుట్లు తిరిగి రమ్మన్నాను. మైదానం మధ్యలో నిలబడి ఆమె కుడి పాదం నేలను తాకే ప్రతిసారీ లెక్క పెట్టాను. అర నిమిషంలో 43. నిమిషానికి 86. ఎడమ పాదాన్నీ కలుపుకుంటే 172. వాచీ ఆమె అడుగులను లెక్క పెట్టి, గుండె అని చెప్పింది.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే వాచీని ఒకసారి తిప్పి చూడండి. వెనక ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటూ ఉంటాయి. రక్తం ఆకుపచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టు చర్మంలోని సన్నని నాళాల్లోకి రక్తం కాస్త ఎక్కువగా వస్తుంది, వెనక్కి వచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను దీపాల పక్కనే ఉన్న చిన్న గ్రాహకం పట్టుకుంటుంది. అంటే వాచీకి గుండె కనిపించదు. దానికి కనిపించేది చర్మం కింద వెలుగులో వచ్చే అతి స్వల్పమైన తేడా. ఈ పద్ధతి కొత్తది కూడా కాదు. చర్మంలో రక్తం పొంగును వెలుతురుతో కొలవవచ్చని హెర్ట్జ్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1930లలోనే చూపించారు.

కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ చిన్న తేడా స్పష్టంగానే దొరుకుతుంది. అందుకే విశ్రాంతిలో మంచి వాచీ చెప్పే అంకెను చాలావరకు నమ్మవచ్చు. పరుగులో చెయ్యి ఊగుతుంది, వాచీ చర్మం మీద జారుతుంది, పక్క నుంచి బయటి వెలుతురు లోపలికి దూరుతుంది, అడుగడుగుకూ చేతిలోని రక్తమే కదులుతుంది. ఆ అలజడి గుండె అల కన్నా పెద్దది. దాన్ని తీసివేయడానికి వాచీలో కదలికను కొలిచే మరో పరికరం ఉంటుంది. చిక్కేమిటంటే, పరుగులో మన అడుగులు నిమిషానికి సుమారు 150 నుంచి 180 దాకా పడతాయి. గుండె కూడా అదే మేరలో కొట్టుకుంటుంది. రెండు తాళాలు దగ్గర దగ్గరగా నడుస్తుంటే ఏది గుండెదో, ఏది కాలిదో వాచీ తేల్చుకోలేదు. బలంగా వినిపించే తాళాన్నే పట్టుకుంటుంది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 53 మందికి రకరకాల వాచీలు కట్టి పరీక్షించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. విశ్రాంతిలో కన్నా కదలికలో ఉన్నప్పుడు తప్పు సగటున 30 శాతం ఎక్కువని తేలింది. చర్మం రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా వారికి కనిపించలేదు. పచ్చబొట్టు సంగతి వేరు. మన ప్రాంతంలో పెద్దవాళ్ల ముంజేతుల మీద పచ్చబొట్లు మామూలే కదా. ఆ సిరా వెలుగును లోపలికి పోనివ్వదు. అలాంటివారు పచ్చబొట్టు లేని చేతికి కట్టుకోవాలి.

లేనిపోని భయం పెట్టే తప్పు గురించి ఇంతవరకు చెప్పాను. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెండో రకం తప్పు. అది లేనిపోని ధైర్యం ఇస్తుంది.

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడం మా ఇంటి ఆనవాయితీ. 1,501 మీటర్ల కొండ. భీముడి గుడి, కుంతి గుడి చూసుకుంటూ, తెల్లవారుజామున మంచులో నడుస్తాం. రెండేళ్ల కిందట మా పెదనాన్నగారి అబ్బాయి, అరవై దాటినవాడు, కర్ర పట్టుకుని నా ముందు నడుస్తున్నాడు. మాటకు మాటకు మధ్య ఆగుతున్నాడు.

"అన్నయ్యా, కాసేపు కూర్చుందాం" అన్నాను.

"ఎందుకురా, 94 చూపిస్తోంది" అని చెయ్యెత్తి వాచీ చూపించాడు.

ఆ వెలుగులో ఆయన నుదుటి మీద చెమట మెరిసింది. అంత చలిలో చెమట! బలవంతంగా రాతి మీద కూర్చోబెట్టి నాడి చూశాను. పది సెకన్లలో 24. అంటే 144. ఛాతీ బరువుగా ఉందని అప్పుడు ఒప్పుకున్నాడు. కొండ దించి ఆసుపత్రికి తీసుకువెళ్లాం. గుండె రక్తనాళంలో అడ్డంకి బయటపడింది. స్టెంటు వేశారు. ఇప్పుడు క్షేమంగా ఉన్నాడు.

వాచీ ఎందుకు తక్కువ చూపించిందో తరవాత ఆలోచిస్తే అన్నీ ఒకచోట చేరాయి. చలికి చర్మంలోని నాళాలు ముడుచుకుపోతాయి. అక్కడ రక్తం తగ్గితే చూడటానికి వాచీకి ఏమీ మిగలదు. కర్రను బిగించి పట్టుకున్నప్పుడు మణికట్టు దగ్గరి కండరాలు బిగిసి కదులుతూ ఉంటాయి. బరువులు ఎత్తేవారికీ, సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టేవారికీ ఇదే చిక్కు. పైగా ఆయన వాచీ గాజులా వదులుగా వేలాడుతోంది.

కాబట్టి వ్యాయామానికి ముందు వాచీని మణికట్టు ఎముక మీద నుంచి ఒకటి రెండు వేళ్ల మందం పైకి జరిపి, జారకుండా బిగించండి. అయ్యాక వదులు చేయండి. చలిలో అయితే ముందు చేతులు రుద్దుకుని, కాసేపు నడిచి వేడెక్కండి. ఆగి ఆగి వేగంగా పరుగెత్తే సాధనలో వాచీ కొన్ని సెకన్లు వెనకబడుతుంది. మీరు ఆగిన తరవాత దాని అంకె పెరగడం చూస్తారు. కచ్చితమైన లెక్క కావలసిన క్రీడాకారులు ఛాతీ పట్టీ కొనుక్కోవాలి. అది వెలుగును కాకుండా ఈసీజీలాగా గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది. కట్టుకునే ముందు దాని మెత్తలను నీళ్లతో తడపాలి.

ఏ వాచీ లేకపోయినా వేళ్లున్నాయి. ఆగిన వెంటనే చూపుడు వేలు, మధ్య వేలు మణికట్టు మీద ఆనించి పది సెకన్లు లెక్కించి ఆరుతో హెచ్చించండి. ఆలస్యం చేస్తే నాడి నెమ్మదిస్తుంది, లెక్క తప్పుతుంది. బొటనవేలు వాడవద్దు, దానిలోనే నాడి కొట్టుకుంటుంది. తాళం తప్పుతున్నట్టు, మధ్యలో ఆగుతున్నట్టు అనిపిస్తే నిమిషమంతా లెక్కించి, డాక్టరుకు చెప్పండి. 220 నుంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందని అందరూ అంటారు. అది ఉజ్జాయింపు మాత్రమే. మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ తేడా సహజం. రక్తపోటుకు వేసుకునే కొన్ని మాత్రలు నాడిని అణచి ఉంచుతాయి. వాటిని వాడేవారికి ఈ సూత్రం పనికిరాదు.

నా పిల్లలకు నేను ఊపిరి లెక్క నేర్పుతాను. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థమైన శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి శ్రమ. ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, చల్లని చెమట వస్తే వాచీలో ఏ అంకె ఉన్నా సరే, ఆగి ఆసుపత్రికి వెళ్లండి. దయచేసి ఈ ఒక్క మాట మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ రోజే చెప్పండి.

ఆ అమ్మాయి పరుగు మానలేదు. వాళ్ల అమ్మగారిని మైదానానికి పిలిపించి, కూతురి మణికట్టు మీద ఆవిడ వేళ్లు పెట్టించి, ఆవిడ చేతనే లెక్క పెట్టించాను. నిన్న ఉదయం ఆఖరి చుట్టు కాగానే ఆ పిల్ల గేటు దగ్గర ఆగింది. వాచీ వైపు చూడకుండా వేళ్లు ఆనించుకుంది. నేను పది సెకన్లకు ఈల వేశాను.

"25, మాస్టారూ" అంది.