హార్డెన్డ్ బ్యాకప్ సర్వర్‌కి కొత్త వాల్యూమ్ కలపడం: వీమ్, ఉబుంటు, ఎక్స్ఎఫ్ఎస్

నమస్తే అండి. వీమ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో హార్డెన్డ్ రిపాజిటరీ, అంటే బ్యాకప్ ఫైళ్ళని గడువు దాకా చెరపనివ్వని స్టోరేజ్, పెట్టుకున్నారు, బాగానే నడుస్తోంది, ఇప్పుడు డిస్కు నిండిపోతోంది. కొత్త డిస్కులు వచ్చాయి. వాటిని ఎలా కలపాలో ఈ వీడియోలో మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను.

నా దగ్గరున్నది ఫిజికల్ సర్వర్. ఉబుంటు 22.04, రెయిడ్ కంట్రోలర్ (చాలా డిస్కులని ఒకటిగా చూపించే కార్డు), దాని మీద ఒక ఎక్స్ఎఫ్ఎస్ వాల్యూమ్. ఎక్స్ఎఫ్ఎస్ అంటే లినక్స్‌లో వాడే ఒక ఫైల్ సిస్టమ్. వీమ్ వాళ్ళే ఇచ్చే రాకీ లినక్స్ ఐఎస్ఓతో ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ళకి ఈ స్టెప్పులు కుదరవు, అక్కడ షెల్‌లోకి ఇంత సులువుగా వెళ్ళనివ్వరు. మామూలు ఉబుంటు మీద సొంతంగా కట్టుకున్నవాళ్ళ కోసమే ఈ వీడియో.

కీబోర్డ్ ముట్టుకునే ముందు ఒక్క విషయం. 2021లో వెర్షన్ 11తో వచ్చిన ఈ హార్డెన్డ్ రిపాజిటరీలో బ్యాకప్ ఫైళ్ళని కాపాడేది ఫైల్ సిస్టమ్‌లో ఉండే ఒక ఫ్లాగ్. ఇమ్యూటబుల్ అనే ఫ్లాగ్. అది ఉన్నంతసేపు రూట్ యూజర్, అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్, ఆర్ఎం అనే డిలీట్ కమాండ్ కొట్టినా ఫైల్ పోదు. కానీ ఆ ఫ్లాగ్ ఫైల్ సిస్టమ్ లోపల ఉంది. కింద ఉన్న డిస్కునే ఎవరైనా ఫార్మాట్ చేస్తే దానికేం తెలుస్తుంది? బీరువాకి తాళం వేసి బీరువానే ఎత్తుకెళ్ళనిచ్చినట్టు అవుతుంది. మామూలు రోజుల్లో ఈ సర్వర్‌లోకి ఎవరూ రారు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) ఆపేసి ఉంటుంది, వీమ్ యూజర్‌కి సుడో (రూట్ అధికారం) ఉండదు. డిస్కు కలిపే రోజు మాత్రం మనమే తలుపు తీసి, రూట్‌గా కూర్చుని, ఫార్మాట్ కమాండ్ టైప్ చేస్తాం. నా లెక్కలో ఈ సర్వర్‌కి అన్నిటికంటే ప్రమాదకరమైన రోజు ఇదే. అందుకే కొన్నిచోట్ల మరీ నెమ్మదిగా వెళ్తాను, విసుక్కోకండి.

ఇంకోటి, నిండేదాకా ఆగొద్దు. వేరే సర్వర్ అయితే పాత ఫైళ్ళు కొన్ని డిలీట్ చేసి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ గడువు తీరని ఫైల్‌ని వీమ్ నుంచి మీరు కూడా డిలీట్ చేయలేరు, దాని ఉద్దేశమే అది. డిస్కు వంద శాతానికి వచ్చాక టెన్షన్ పడటం తప్ప చేయగలిగింది పెద్దగా ఉండదు.

సరే, దారులు రెండు. ఒకటి, పాత వాల్యూమ్ ఎల్‌వీఎం (డిస్కులని గ్రూపుగా కలిపే లినక్స్ పద్ధతి) మీద ఉంటే కొత్త డిస్కుని అదే గ్రూపులో కలిపి, లాజికల్ వాల్యూమ్‌ని పెంచి, ఫైల్ సిస్టమ్‌ని పెంచే ఎక్స్ఎఫ్ఎస్ గ్రో‌ఎఫ్ఎస్ కమాండ్ కొట్టేయడం. వాల్యూమ్ మౌంట్ అయి (ఒక ఫోల్డర్‌కి తగిలించి వాడకంలో) ఉండగానే అయిపోతుంది, వీమ్‌లో ఏమీ మార్చక్కర్లేదు. ఇది చాలామందికి నచ్చుతుంది. నాకు నచ్చదు. రెండు రెయిడ్ గ్రూపుల మీద ఒకే ఫైల్ సిస్టమ్ పరిచారంటే, వాటిలో ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. ఒకసారి పెంచిన ఎక్స్ఎఫ్ఎస్‌ని వెనక్కి తగ్గించి ఆ డిస్కులు బయటికి తీసుకోవడమూ కుదరదు.

రెండో దారి, కొత్త డిస్కుల మీద విడిగా ఇంకో ఎక్స్ఎఫ్ఎస్ వాల్యూమ్ చేసి, వీమ్‌లో ఇంకో రిపాజిటరీగా చేర్చి, రెంటినీ స్కేల్ అవుట్ రిపాజిటరీ, అంటే చాలా రిపాజిటరీలని ఒకటిగా చూపించేదాని, కింద కలపడం. పని కొంచెం ఎక్కువ, కానీ ఒక గ్రూప్ పోయినా రెండోది బతుకుతుంది. ఇవాళ చేసేది ఇదే. స్కేల్ అవుట్ అన్ని ఎడిషన్లలో రాదు, మీ లైసెన్సులో ఉందో లేదో ముందే చూసుకోండి.

మొదలుపెడదాం. ముందు వీమ్ కన్సోల్‌లో ఈ రిపాజిటరీకి వెళ్ళే జాబ్‌లు డిజేబుల్ చేశాను. కొత్త డిస్కులు పెట్టి రెయిడ్ కంట్రోలర్‌లో కొత్త వర్చువల్ డిస్క్ చేశాను. ఇక్కడ ఇనిషియలైజ్ నొక్కేటప్పుడు ఏ వర్చువల్ డిస్క్ మీద ఉన్నారో ఒకటికి రెండుసార్లు చదవండి. పాతదాని మీద నొక్కితే లినక్స్‌కి తెలియకుండానే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఐడ్రాక్, ఐలో లాంటి, సర్వర్‌ని దూరం నుంచి నడిపే మేనేజ్‌మెంట్ పోర్టులని ఆఫీస్ నెట్‌వర్క్‌లో పెట్టొద్దని అందరూ మొత్తుకునేది కూడా ఇందుకే. ఆ పాస్‌వర్డ్ దొరికినవాడికి మన ఇమ్యూటబుల్ ఫ్లాగ్ అడ్డమే కాదు.

ఇప్పుడు సర్వర్ ముందు కూర్చుని లాగిన్ అయ్యాను. ఎస్ఎస్‌హెచ్ ఆన్ చేయకుండా నేరుగా కన్సోల్ నుంచి చేయగలిగితే అదే మంచిది. నేను స్క్రీన్ రికార్డింగ్ కోసం కాసేపు ఆన్ చేశాను, చివర్లో ఆపుతాను.

డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొడుతున్నాను. పేరు, సైజు, సీరియల్, మౌంట్ పాయింట్, ఈ నాలుగూ చూపించమన్నాను. పూర్తి కమాండ్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. చూడండి, ఎస్‌డీఏ ఆపరేటింగ్ సిస్టమ్. ఎస్‌డీబీ పాత బ్యాకప్, మౌంట్ అయి ఉంది. ఎస్‌డీసీ కొత్తది, మౌంట్ పాయింట్ దగ్గర ఖాళీ. ఈ అక్షరాలని నమ్మి వదిలేయకండి, రీబూట్ అయితే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ తారుమారు కావచ్చు. సైజు, సీరియల్ చూసి నిర్ధారించుకోండి.

కొంతమంది సేఫ్టీ అనుకుని పాత వాల్యూమ్‌ని అన్‌మౌంట్ చేసి మరీ ఈ పని మొదలుపెడతారు. వద్దండి. ఎంకేఎఫ్ఎస్ డాట్ ఎక్స్ఎఫ్ఎస్ మౌంట్ అయి ఉన్న డిస్కుని ఫార్మాట్ చేయడానికి ఒప్పుకోదు. అన్‌మౌంట్ చేశారంటే ఆ రక్షణ మీరే తీసేసినట్టు.

ఇప్పుడు ఫార్మాట్. ఎంకేఎఫ్ఎస్ డాట్ ఎక్స్ఎఫ్ఎస్, బ్లాక్ సైజు 4096, రిఫ్లింక్ 1, సీఆర్‌సీ 1. ఈ మధ్య వెర్షన్లలో ఇవి డిఫాల్ట్‌గానే వస్తాయి, అయినా రాయడం అలవాటు చేసుకోండి. రిఫ్లింక్ ఉంటేనే ఫాస్ట్ క్లోన్ పనిచేస్తుంది. అంటే సింథటిక్ ఫుల్ (ఉన్న బ్యాకప్‌ల నుంచే కొత్త ఫుల్ బ్యాకప్ కట్టడం) చేసేటప్పుడు వీమ్ పాత బ్లాకులని కాపీ చేయకుండా వాటినే చూపిస్తుంది, టైమూ మిగులుతుంది, చోటూ మిగులుతుంది. ఎంటర్ కొట్టగానే "ఇందులో ఇప్పటికే ఫైల్ సిస్టమ్ ఉంది, మైనస్ ఎఫ్ వాడండి" అని వచ్చిందనుకోండి, మైనస్ ఎఫ్ పెట్టేయకండి. కొత్త డిస్కులో ఫైల్ సిస్టమ్ ఎందుకుంటుంది? చెయ్యి తీసేసి మళ్ళీ ఎల్ఎస్‌బీఎల్‌కే నుంచి మొదలుపెట్టండి.

తర్వాత మౌంట్ చేయడానికి ఫోల్డర్. ఎమ్ఎన్‌టీ కింద బ్యాకప్02 అని చేశాను. మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌కి సీహెచ్ఏటీటీఆర్ ప్లస్ ఐ, అంటే అదే ఇమ్యూటబుల్ ఫ్లాగ్, పెడుతున్నాను. ఎందుకంటే, ఏదో ఒక రోజు రీబూట్ అయ్యాక ఈ వాల్యూమ్ మౌంట్ కాలేదనుకోండి, ఫోల్డర్ మాత్రం రూట్ డిస్కు మీద అలాగే ఉంటుంది. అందులో ఎవరైనా రాయగలిగితే ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు నిండి సర్వర్ పడిపోతుంది. ఈ ఫ్లాగ్ ఉంటే రాయడం ఫెయిల్ అవుతుంది, అంతే. మౌంట్ అవడానికి మాత్రం ఇది అడ్డు రాదు.

బూట్ అయ్యేటప్పుడు ఏవి మౌంట్ చేయాలో ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో యూయూఐడీతో (ఆ ఫైల్ సిస్టమ్‌కి మారని గుర్తింపు నంబర్) ఒక లైన్ రాస్తున్నాను. బీఎల్‌కేఐడీ కొడితే యూయూఐడీ వస్తుంది. ఆప్షన్లలో నోఎస్‌యూఐడీ, నోడెవ్, నోఫెయిల్. నోఫెయిల్ లేకపోతే ఈ ఒక్క వాల్యూమ్ మౌంట్ కానందుకు సర్వర్ మొత్తం ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. ఎస్ఎస్‌హెచ్ లేని సర్వర్, అర్ధరాత్రి డేటా సెంటర్‌కి ఎవరు పరిగెడతారు? తర్వాత ఫైండ్‌మౌంట్ వెరిఫై కొట్టి తప్పులు లేవని చూసి, సిస్టమ్‌సీటీఎల్ డీమన్ రీలోడ్, మౌంట్ మైనస్ ఏ. ఎక్స్ఎఫ్ఎస్ ఇన్ఫో చూస్తే రిఫ్లింక్ 1 అని కనిపిస్తోంది.

లోపల రిపో అని ఒక ఫోల్డర్ చేసి, ఓనర్‌గా వీమ్ సర్వీస్ యూజర్‌ని పెట్టి, పర్మిషన్ 700 ఇచ్చాను. పాత వాల్యూమ్‌లో ఏ యూజర్ ఉన్నాడో ఇక్కడా అతనే. వీలైతే ఇప్పుడే ఒకసారి రీబూట్ చేసి రెండు వాల్యూములూ వాటంతట అవే వచ్చాయో లేదో చూడండి.

లినక్స్ వైపు అయిపోయింది. ఇక వీమ్ కన్సోల్. దీనికి ఎస్ఎస్‌హెచ్ అవసరం లేదు, పాస్‌వర్డ్ మళ్ళీ ఇవ్వక్కర్లేదు, ట్రాన్స్‌పోర్ట్ సర్వీస్ 6162 పోర్టు మీద ఇప్పటికే మాట్లాడుతోంది. యాడ్ రిపాజిటరీ, డైరెక్ట్ అటాచ్డ్ స్టోరేజ్, లినక్స్ హార్డెన్డ్ రిపాజిటరీ. పాత సర్వర్‌నే ఎంచుకుని పాపులేట్ నొక్కితే కొత్త వాల్యూమ్ ఖాళీతో సహా కనిపిస్తుంది. పాత్ దగ్గర రిపో ఫోల్డర్ ఇచ్చి, ఫాస్ట్ క్లోనింగ్ టిక్ పెట్టి, ఇమ్యూటబుల్ రోజులు పాత రిపాజిటరీలో ఎన్ని ఉన్నాయో అన్నే ఇవ్వండి. ఏడు కంటే తక్కువ ఎలాగూ తీసుకోదు. టాస్క్ లిమిట్ మాత్రం గమనించండి. రెండు రిపాజిటరీలు, సర్వర్ ఒక్కటే. రెండిట్లో ఎనిమిదేసి ఇస్తే సర్వర్ మీద పదహారు పడతాయి.

ఇప్పుడు స్కేల్ అవుట్ రిపాజిటరీ చేసి రెండిటినీ ఎక్స్‌టెంట్లుగా, అంటే దాని భాగాలుగా, కలుపుతున్నాను. కాన్ఫిగరేషన్ బ్యాకప్ (వీమ్ సొంత సెట్టింగుల బ్యాకప్) పాత రిపాజిటరీకే వెళ్తుంటే ఇక్కడ ఆగిపోతుంది, దాన్ని ముందే వేరే చోటికి మార్చండి. పాలసీ దగ్గర డేటా లోకాలిటీ, అంటే ఫుల్, దాని ఇంక్రిమెంటల్స్ (మారినంత మేరకే తీసే బ్యాకప్‌లు) ఒకేచోట ఉంచేది. పెర్ఫార్మెన్స్ అనే పేరు చూసి అటు వెళ్ళకండి, అది ఫుల్‌ని ఒకచోట, ఇంక్రిమెంటల్‌ని ఇంకోచోట పెడుతుంది. రిఫ్లింక్ ఒక ఫైల్ సిస్టమ్ లోపలే పనిచేస్తుంది కాబట్టి ఫాస్ట్ క్లోన్ పోయినట్టే. ఎక్స్‌టెంట్ ఆఫ్‌లైన్‌లో ఉంటే ఫుల్ బ్యాకప్ తీయమనే ఆప్షన్‌ని నేను టిక్ తీసే ఉంచుతాను. ఒక మౌంట్ ఫెయిలైన రాత్రి అన్ని ఫుల్స్ వచ్చి మిగిలిన వాల్యూమ్ మీద పడటం నాకు ఇష్టం లేదు. జాబ్‌ల టార్గెట్ మార్చమంటారా అని వీమ్ అడుగుతుంది, అవునంటే చాలు.

పాత చైన్లు (ఫుల్, దాని వెనక ఇంక్రిమెంటల్స్ వరస) ఉన్నచోటే కొనసాగుతాయి, మర్నాటికల్లా కొత్త వాల్యూమ్ సగం నిండుతుందని చూడకండి. ఒక చిన్న టెస్ట్ మెషీన్‌కి కొత్త జాబ్ పెట్టి నడిపాను, దాని ఫైల్ ఖాళీ ఎక్కువున్న కొత్త వాల్యూమ్‌లో పడింది. ఫ్లాగులు చూపే ఎల్ఎస్ఏటీటీఆర్ కొడితే ఆ ఫైల్ పక్కన ఐ అక్షరం కనిపిస్తోంది. రూట్‌గా డిలీట్ కొడుతున్నాను, "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్". ఇది టెస్ట్ ఫైల్ కాబట్టి కొట్టాను, మీరూ టెస్ట్ ఫైల్ మీదే ప్రయత్నించండి.

డిజేబుల్ చేసిన జాబ్‌లు మళ్ళీ ఎనేబుల్ చేశాను. మిగిలింది ఎస్ఎస్‌హెచ్. 22.04లో ఎస్ఎస్‌హెచ్ సర్వీస్‌ని స్టాప్ చేసి డిజేబుల్ చేస్తే సరిపోతుంది. 24.04 వాడేవాళ్ళు ఎస్ఎస్‌హెచ్ డాట్ సాకెట్‌ని కూడా ఆపాలి, లేకపోతే ఎవరైనా కనెక్ట్ అవ్వగానే సర్వీస్ దానంతట అదే లేస్తుంది. ఆపాక లాగౌట్ అయి, వేరే మెషీన్ నుంచి పోర్ట్ 22కి కనెక్ట్ అయి చూడండి. కనెక్ట్ అయిందంటే పని ఇంకా అవ్వలేదు.