కుక్క హడలిపోతుంటే: దీపావళికి ముందు చేయాల్సిన పనులు

అందరికీ నమస్కారం. ఈ అపార్ట్‌మెంట్ మీటింగ్ దీపావళికి నెల ముందే పెట్టమని నేనే అడిగాను. పండగ రోజు రాత్రి టపాసుల చప్పుడు మొదలవగానే "డాక్టరుగారూ, మావాడు మంచం కిందనుంచి రావట్లేదు, ఏం చేయమంటారు?" అని ఫోన్లు వస్తాయి. అప్పుడు నేను చేయగలిగింది చాలా తక్కువ. ఈ నెల రోజుల్లో మీరు చేయగలిగింది మాత్రం చాలా ఉంది.

మన చెవికి 20,000 హెర్ట్జ్ వరకే వినిపిస్తుంది. కుక్కకు సుమారు 45,000 దాకా, పిల్లికి 60,000 దాటి కూడా వినిపిస్తుంది. పైగా ఆ చప్పుడు ఎందుకొస్తోందో, ఎప్పుడు ఆగుతుందో వాటికి ఎవరు చెప్పాలి?

వణకడం, మూలన దూరడం అందరికీ కనిపిస్తుంది. అంతకు ముందే మొదలయ్యే గుర్తులు చూడండి. తిండేమీ లేకుండానే పెదాలు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది. ఉక్కపోత లేకున్నా రొప్పుతుంది. ప్రాణం పెట్టే చికెన్ ముక్కను కూడా ముట్టకపోతే, టెన్షన్ బాగా ముదిరిందని అర్థం.

ఒక దీపావళి మర్నాడు మా క్లినిక్‌కి ఒక లాబ్రడార్‌ని తీసుకొచ్చారు. చప్పుడు తక్కువ వినిపిస్తుందని రాత్రంతా బాత్రూంలో పెట్టి గడియ వేశారట. ముందుకాళ్ల గోళ్లు రెండు మొదలంటా విరిగాయి. చిగుళ్ల నుంచి నెత్తురు, పళ్ల సందుల్లో తలుపు చెక్క పేళ్లు. తలుపు పాడుచేసిందని పొద్దున్నే రెండు దెబ్బలు కూడా వేశారు. అది బయటపడాలని చూసింది, అంతే. హడలిపోయిన జంతువును కొడితే టపాసులంటే ఉన్న భయం పోదు, దానికి తోడు మనమన్నా భయం పట్టుకుంటుంది. దయచేసి కొట్టకండి.

దగ్గరికి తీసుకుంటే భయం అలవాటైపోతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. మెచ్చుకుంటే ఇంకొంచెం ఎక్కువ చేయడానికి భయం అనేది నేర్పిన విద్య కాదు కదా! ఒళ్లో చేరితే చేరనివ్వండి, నిమరండి. మంచం కింద ఉంటానంటే అక్కడే ఉండనివ్వండి, కాళ్లు పట్టి బయటికి లాగొద్దు.

ఇప్పుడు అసలు పని. ఫోన్‌లో టపాసుల చప్పుడు పెట్టండి, మీకే వినీ వినిపించనంత తక్కువగా. చప్పుడు రాగానే ఉడికించిన చికెనో పనీరో చిన్న ముక్క పెట్టండి. ఆపగానే ముక్కలూ ఆపండి. రోజూ ఐదు నిమిషాలు చాలు. హాయిగా తింటోందంటే రెండు మూడు రోజులకోసారి వాల్యూమ్ ఒక గీత పెంచండి. చెవులు వెనక్కి పెట్టినా, తినడం మానేసినా తొందరపడ్డారని లెక్క, మళ్లీ తగ్గించండి. ఇక్కడ ఓపికే మందు. పండగ నాటికి పూర్తిగా కుదరకపోవచ్చు, అయినా మొదలుపెట్టండి.

పండగ రోజు వెలుతురుండగానే బయట తిప్పి, తిండి పెట్టేయండి. కిటికీలు మూసి కర్టెన్లు వేయండి, ఫ్యాను, టీవీ నడవనివ్వండి. లోపలి గదిలో దాని పాత దుప్పటి పరచండి, తలుపు మాత్రం తీసే ఉంచండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు ఉండాలి. ఆ రాత్రి గేటు తెరిచి ఉంటే చాలు, బెదిరి ఎంత దూరమైనా పరిగెడుతుంది.

భయం మరీ ఎక్కువైతే మందులున్నాయి. అవి వాడటం తప్పేమీ కాదు. కానీ వారం పది రోజుల ముందే డాక్టరుకు చూపించి, ఒకసారి వేసి చూసుకోవాలి. అసిప్రొమజైన్ లాంటి మత్తుమందు ఒక్కటే ఇస్తే కుక్క కదలకుండా పడి ఉంటుంది, లోపల భయం అలాగే ఉంటుంది. పడుకుంది కదా అని మనం సంతోషిస్తాం, అదే నాకు బాధ. ఇంట్లో మనుషుల మాత్రలు మాత్రం వేయకండి. పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

పెద్ద వయసులో కొత్తగా చప్పుళ్లకు బెదరడం మొదలైతే కీళ్ల నొప్పులున్నాయేమో చూపించండి. ఉలిక్కిపడ్డప్పుడల్లా నొప్పి కలుక్కుమంటుంటే భయం ముదురుతుంది.

పిల్లులు అరవవు, అందుకే వాటి సంగతి ఎవరికీ పట్టదు. బీరువా మీదకెక్కి దిగకపోవడం, పొట్ట దగ్గర బొచ్చు ఊడేలా నాక్కోవడం, ఇసుక ట్రే వదిలి వేరేచోట పోసుకోవడం గమనించండి. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా మూత్రం చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, అది ఎమర్జెన్సీ.

చివరిగా సెక్రటరీగారికి ఒక విన్నపం. దీపావళి రోజు రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆ టైమూ, కాల్చే చోటూ నోటీసు బోర్డులో పెట్టించండి. పార్కింగ్‌లో వద్దు, అక్కడ పేలిన చప్పుడు పై అంతస్తుల దాకా మారుమోగుతుంది. వెనకున్న ఖాళీ స్థలం అయితే మేలు. టైము ముందే తెలిస్తే కుక్కలున్నవాళ్లు ఏడున్నరకల్లా ఇంటికి చేరిపోతారు.