పెద్దమ్మ వీపు మీద బడి

శ్రోతలకు నమస్కారం. భీమిలి దారిలో ఒక వృద్ధాశ్రమం ఉంది. తుంటి విరిగి మంచం పట్టిన మా పెద్దమ్మ రెండేళ్లుగా అక్కడే ఉంటోంది. ఆమెను చూసుకునే ఆయాకు ఆ పనిలో ఇరవై ఏళ్ల అనుభవం. చెయ్యీ మంచిది, మాటా మంచిది.

ఒకనాడు నేను వెళ్లేసరికి ఆయా పెద్దమ్మను పక్కకు ఒత్తిగిలించి, వెన్ను చివర ఎర్రబడ్డ చోట స్పిరిట్ రాసి, పౌడరు చల్లి గట్టిగా రుద్దుతోంది. అప్పుడే లోపలికి వచ్చిన కుర్ర నర్సు, "ఆగక్కా, ఎర్రబడ్డ చోట రుద్దకూడదు" అంది.

ఆయా చెయ్యి ఆగిపోయింది. "నాకు నేర్పింది ఇదేనమ్మా" అంది.

నిజమే, నేర్పింది అదే. స్పిరిట్, పౌడరు, మర్దన ఒకప్పుడు నర్సింగు పాఠాల్లోనే ఉండేవి. ఒకే వైపు పడుకోవడం వల్ల పడే ఒత్తిడికి రక్తం అందక ఆ ఎర్రబడ్డ చోట లోపలి కండ అప్పటికే దెబ్బతిని ఉంటుందనీ, రుద్దితే ఇంకా చెడుతుందనీ తర్వాత తేలింది. పాఠం మారింది. మారిందని ఆయాకు ఎవరూ చెప్పలేదు.

నర్సు ఆ ఎరుపు మీద వేలితో మెల్లగా నొక్కి వదిలింది. "తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ఫరవాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే పడకపుండు మొదలైనట్టే."

ఆయా అంతటితో వదల్లేదు. "ఈవిడ తెల్లగా ఉన్నారు కాబట్టి కనిపించింది. పక్క మంచం మామ్మగారు నలుపు కదా, ఆవిడకు ఎలా తెలుస్తుంది?"

భలే ప్రశ్న! పుస్తకం ముందేసుకుని పాఠం చెప్పేవారికి తట్టని ప్రశ్న. నర్సు మామ్మగారి దగ్గరకు వెళ్లి చేతి వెనక వైపు ఆనించి చూపింది. వేడిగా ఉందా? గట్టిపడిందా? చుట్టూ ఉన్న చర్మం కంటే రంగు ముదిరిందా?

ఇదంతా పావుగంట. మంచం పక్కన, పావుగంట.

అమెరికాలో 1987లో వచ్చిన చట్టం ప్రకారం నర్సింగ్ హోముల్లో సహాయకులకు మొదట కనీసం 75 గంటల శిక్షణ, ఆపైన ఏటా కనీసం 12 గంటలు. నర్సింగ్ హోమంటే అక్కడ చిన్న ఆసుపత్రి కాదు, వృద్ధులు ఉండే చోటు. నాకు నచ్చింది ఆ 75 కాదు, ఏటా వచ్చే 12. ఇక మన విశాఖ ఉక్కపోత ఉండనే ఉంది. రబ్బరు షీటు మీద వీపు చెమటకు నానిపోతుంది. నానిన చర్మం తొందరగా చిట్లుతుంది. ఇక్కడి పాఠం ఆ చెమట నుంచి మొదలుకావాలి.

ఆశ్రమాలు నడిపేవారికి ఒక్క మనవి. శిక్షణ అంటే మధ్యాహ్నం మూడింటికి హాల్లో ఉపన్యాసం, సమోసా, గ్రూపు ఫోటో పెట్టుకుంటారు. ఆ వేళకు రాత్రి డ్యూటీ ఆయా ఇంట్లో నిద్రపోతూ ఉంటుంది. అర్ధరాత్రి రెండు గంటలకోసారి మనిషిని ఒత్తిగిలించేది ఆమే కదా! డ్యూటీ మారే వేళ ఇద్దరూ ఉంటారు. అప్పుడు చెప్పండి. ఒక మంచం పక్కన, ఒక్క సంగతి, పావుగంట. ఆ పావుగంటకూ జీతం కట్టివ్వండి. ఇంటికి వెళ్లే బస్సు పోగొట్టుకుని పాఠం వినమంటే ఎవరికి మనసొప్పుతుంది?

మొన్న వెళ్లినప్పుడు ఆయా కొత్తగా చేరిన అమ్మాయికి చూపిస్తోంది. "అరచెయ్యి కాదే, చేతి వెనక వైపు పెట్టు" అంటూ. గోడ వైపు తిరిగి పడుకున్న పెద్దమ్మ నవ్వింది.

"నా వీపు మీద బడి పెట్టారురా" అంది.