పిల్లలకోడి కింద ఎన్ని పిల్లలు?

శ్రోతలకు నమస్కారం.

పోయిన మాఘమాసంలో ఉదయగిరి వైపు ఒక పల్లెలో, బడి ఆవరణలో దుర్భిణి పెట్టాం. మేము అడగగానే పంచాయతీ వారు గంటసేపు వీధిదీపాలు ఆర్పించారు. పిల్లల వెనకాల ఒక అవ్వ కొంగు భుజాల నిండా కప్పుకుని నిలబడింది. "ఏం చూపిస్తున్నావు నాయనా?" అంది. కృత్తికలు అన్నాను. తల పైకెత్తి చూసి, "పిల్లలకోడి కదా అది! దాన్ని చూసే కదా మేము మోట కట్టే వేళ తెలుసుకున్నది" అంది. బైనాక్యులర్ ఆమె చేతికిచ్చాను. కళ్లకు ఆనించుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఈ కోడి కింద ఇన్ని పిల్లలున్నాయా! మా అమ్మ నాకు ఆరే చూపించింది" అంది.

వాళ్లమ్మ తప్పు చెప్పలేదు. మామూలు కంటికి కనిపించేవి ఆరో ఏడో. నిజానికి ఆ గుంపులో 1000కి పైగా నక్షత్రాలున్నాయి.

తిరుపతిలోనో హైదరాబాద్‌లోనో నక్షత్రశాల చూసినవారు మీలో ఉండే ఉంటారు. అక్కడ గుమ్మటం మీద ఆకాశం మొత్తం అరగంటలో తిరిగిపోతుంది, మబ్బుల బెడద లేదు. పాఠం నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ అక్కడ మనం చూసేది ప్రొజెక్టర్ వెలుగు. దుర్భిణిలో కంటిని తాకేది ఆ నక్షత్రం నుంచి బయలుదేరి వచ్చిన వెలుగే. అందుకే నక్షత్రశాల చూసిన పిల్లలను ఒక్క రాత్రయినా ఆరుబయటికి తీసుకురమ్మని నేను బతిమాలుతుంటాను.

తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు వేధశాల ఉంది. హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేసిన ఖగోళవేత్త కుమారుడు వైను బప్పు దాన్ని నెలకొల్పారు. 2.34 మీటర్ల అద్దమున్న అక్కడి పెద్ద దుర్భిణికి 1986లో ఆయన పేరే పెట్టారు. అది పరిశోధకులది. సందర్శకులకు శనివారం రాత్రుళ్లు, మబ్బు లేకపోతే, చిన్న దుర్భిణిలో ఆకాశం చూపించే ఆనవాయితీ ఉంది.

మొదటిసారి చూసేవారు తరచుగా నిరాశపడతారు. ఓరియన్ అనే చుక్కల గుంపులోని నిహారిక, అంటే వాయువు, ధూళి కలిసిన మేఘం, ఫోటోలో ఎర్రగా వెలిగిపోతుంది, దుర్భిణిలో బూడిదరంగు పొగలా కనిపిస్తుంది. మోసమేమీ లేదు. కెమెరా నిమిషాల తరబడి వెలుగును పోగుచేస్తుంది. మన కంటికి మసక వెలుతురులో రంగులు తెలియవు. చీకటికి కళ్లు అలవాటుపడటానికి కూడా 20, 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను వెలిగిస్తే మళ్లీ మొదటికే! చంద్రుణ్ణి చూడాలంటే పున్నమి దాకా ఆగకండి, శుక్ల అష్టమి అటూ ఇటూ రండి. అప్పుడు నీడలు పడి గోతుల లోతు తెలుస్తుంది. పున్నమినాడు అన్నీ చదునుగా కనిపిస్తాయి.

మన నెల్లూరుకు ఉన్న భాగ్యం ఢిల్లీకి లేదు. మాఘంలో రాత్రి 9 గంటల ప్రాంతంలో దక్షిణానికి తిరిగి చెయ్యి చాచి జాన పట్టండి. దిగంతం నుంచి జానెడుకు కాస్త పైన తెల్లగా వెలిగేది అగస్త్య నక్షత్రం. మీ కంటిని తాకే ఆ వెలుగు బయలుదేరి 300 ఏళ్లు దాటింది. ఢిల్లీలో అది చెట్ల కొమ్మల ఎత్తుకు కూడా సరిగ్గా లేవదు. లండన్ వారికి అసలు కనిపించదు. 10 గంటలకు ఈశాన్యంలో సప్తర్షులు పైకి వస్తారు. పెళ్లిలో పురోహితుడు పట్టపగలు చూపించిన అరుంధతిని అప్పుడు నిజంగా చూడవచ్చు. దుర్భిణిలో ఆమె పక్కనున్న వశిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు. ఈ సంగతి చెప్పగానే కొత్త దంపతులు వరుసలో ముందుకొస్తారు.

మన తీరంలో ఆశ్వయుజ, కార్తీకాలు వానలకే సరిపోతాయి. సంక్రాంతి దాటాక ఆకాశం తేటపడుతుంది. ఊళ్లో ఒక బడి, ఒక దుర్భిణి, గంటసేపు ఆర్పిన దీపాలు, ఇంతే కావలసింది. పెద్దవాళ్లకు కుర్చీ వేసి ముందు వరుసలో కూర్చోబెట్టండి. చుక్కల పేర్లు మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు.

ఆ రాత్రి అవ్వ బైనాక్యులర్ తిరిగి ఇచ్చి, "మనవరాలు నిద్రపోయింది, లేపుకొస్తాను, ఉండండి" అని ఇంటికి నడిచింది. దుర్భిణి విప్పడం ఆపి, ఆమె కోసం చీకట్లో ఎదురుచూశాం.