యంత్రం పొరబడితే బోనెక్కేది ఎవరు?

సభాధ్యక్షులకు, సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కృత్రిమ మేధ, నైతికత అన్న రెండు మాటలు కలిసి వినబడగానే యంత్రాలకు చైతన్యం వస్తుందా, అవి రేపు మనల్ని ఏలుతాయా అన్న చర్చ మొదలవుతుంది. అది ఆసక్తికరమైన చర్చే గాని, అంతకంటే ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. యంత్రం పొరబడినప్పుడు ఆ నష్టం, ఆ నింద ఇవాళ ఎవరి నెత్తిన పడుతున్నాయి?

2018 మార్చి 18 రాత్రి, అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టెంపీ నగరంలో, సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఉబర్ సంస్థ ప్రయోగాత్మకంగా తిప్పుతున్న డ్రైవర్‌రహిత కారు ఢీకొట్టింది. ఆమె మరణించారు. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు ప్రకారం, ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టింది. అయితే సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి వాహనమని, ఒకసారి ఏదో వస్తువని, మరొకసారి సైకిలని పోల్చుకుంటూ, పోలిక మారిన ప్రతిసారీ ఆమె అంతవరకు కదిలిన తీరును లెక్కలోంచి తీసివేసింది కనుక, ఆమె ఎటు వెళ్తున్నారో దానికి అంతుపట్టలేదు. జీబ్రా గీతలు లేనిచోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న ఆలోచనకే ఆ రూపకల్పనలో చోటు లేదు. (కోఠిలో ఒక్క సాయంత్రం నిలబడిన ఇంజనీరెవరూ ఆ పొరపాటు చేయరు.) వోల్వో కంపెనీ ఆ కారుకు అమర్చిన అత్యవసర బ్రేకు, ఉబర్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నంతసేపూ పనిచేయకుండా చేశారు. కారులో ఇద్దరుండవలసిన పర్యవేక్షకులను అంతకు కొన్ని నెలల ముందే ఒక్కరికి కుదించారు.

ఇవన్నీ మనుషులు ఆలోచించి తీసుకున్న నిర్ణయాలే. అయినా సంస్థపై క్రిమినల్ కేసుకు ఆధారం లేదని 2019లో ప్రాసిక్యూటర్లు తేల్చారు. స్టీరింగు ముందు కూర్చుని ఫోను చూస్తున్న ఉద్యోగిపై మాత్రం కేసు నడిచి, 2023లో నేరాంగీకారం తర్వాత మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచే శిక్ష) పడింది. ఆ ఉద్యోగి తప్పు చిన్నదని నేను అనను. కాని గంటల తరబడి ఊరకే చూస్తూ కూర్చోమని, ఆపద వచ్చిన క్షణంలో మాత్రం తటాలున స్పందించమని మనిషికి అప్పగించిన ఆ పనిలోనే లోపం ఉంది.

మన దగ్గర ఇదే ప్రశ్న రేషన్ కార్డు రూపంలో వచ్చింది. తెలంగాణ ప్రభుత్వపు ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటర్ వ్యవస్థ వివిధ శాఖల రికార్డులను జతచేసి, ఎవరు ఎవరో, ఎవరికి ఏ ఆస్తి ఉందో పోల్చి చెబుతుంది. పేర్లు, ఇంటిపేర్లు, వాటి స్పెల్లింగులు ఒక్కో కార్యాలయంలో ఒక్కో రకంగా ఉండే చోట, ఎవరిదో కారు ఒక నిరుపేద ఇంటి లెక్కలో చేరిపోయి, కారున్నవారన్న పేరుతో ఆ ఇంటి కార్డు రద్దు కావడం వింతేమీ కాదు. రాష్ట్రంలో దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయి విచారణ లేకుండా రద్దు చేశారన్న పిటిషన్‌పై, వాటిని మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించవలసి వచ్చింది. అంతవరకు తమకు కారు లేదని రుజువు చేసుకోవలసిన భారం బియ్యం ఆగిపోయినవారిదే అయింది. లేని కారును లేదని నిరూపించే కాగితం ఏ కార్యాలయం ఇస్తుంది?

అందువల్ల నా అభిప్రాయంలో, కంప్యూటర్ అనుమానించినంత మాత్రాన ఏ లబ్ధీ ఆగకూడదు. ఇంటికి వెళ్లి విచారించి, కారణం తెలుగులో రాసి, కింద తన పేరుతో సంతకం చేసే అధికారి ఒకరుండాలి. అప్పీలు తేలేవరకు బియ్యం అందుతూనే ఉండాలి. దీనికి ఖర్చవుతుందని, జాప్యం జరుగుతుందని అధికారులు అంటారు. నిజమే, కాని ఆ ఖర్చు ఇప్పుడు కూడా ఎవరో భరిస్తూనే ఉన్నారు, అది ప్రభుత్వ పద్దుల్లో కనిపించడం లేదు, అంతే.