తలాపున గడియారంగా ఫోన్

అందరికీ నమస్కారం. ఫోన్ గురించి పనికొచ్చేది ఏదైనా చెప్పమన్నారు సంఘం వాళ్లు. బ్యాంకు యాప్‌ల జోలికి పోను, వాటికి ఇంకో పూట కావాలి. అర్ధరాత్రి మీ మంచం పక్కన ఫోన్ ఏం చేస్తోందో ఇవాళ మాట్లాడుకుందాం.

ఒకప్పుడు తలాపున అలారం గడియారం ఉండేది. మెలకువ వస్తే చీకట్లో పచ్చగా మెరిసే రేడియం ముళ్లు చూసి, మూడయిందనుకుని అటు తిరిగి పడుకునేవాళ్లం. ఇప్పుడేం చేస్తున్నాం? చెయ్యి తడుముతుంది, బటన్ నొక్కుతుంది, మొహాన ఫెళ్లున వెలుగు కొడుతుంది. టైమ్ కింద డల్లాస్ నుంచి అల్లుడు పెట్టిన ఫొటోలు. వాళ్లకది సాయంత్రం కదా! అవి చూసి, బాగున్నాయని జవాబిచ్చి, ఫోన్ పక్కన పెడతాం. అప్పుడెవరైనా గంటెంతయిందని అడిగితే మళ్లీ ఫోన్ తియ్యాల్సిందే.

ఫోన్‌ని గడియారంగా వాడుకోవద్దని నేననను. టైమ్ చూడ్డానికి దాన్ని ముట్టుకునే అవసరం రాకూడదు, అంతే.

ఐఫోన్ వాళ్లకు 2023లో ఐఓఎస్ 17 అనే సాఫ్ట్‌వేర్‌తో ‘స్టాండ్‌బై’ వచ్చింది. లాక్ చేసి, ఛార్జింగ్ పెట్టి, అడ్డంగా నిలబెడితే పెద్ద అంకెలతో టైమ్ చూపిస్తుంది. 14 ప్రోలాగా స్క్రీన్ ఎప్పుడూ వెలిగి ఉండే మోడళ్లలో అలాగే ఉంటుంది, మిగతావాటిలో కాసేపటికి ఆరిపోతుంది. గది చీకటైతే అంకెలు ఎర్రబడతాయి. అది సోకు కాదు. పగలో రాత్రో మెదడుకు చెప్పే కణాలు మన కంట్లో ఉన్నాయి, అవి నీలి వెలుతురుకు బాగా స్పందిస్తాయి, ఎరుపును పెద్దగా పట్టించుకోవు. ఆండ్రాయిడ్‌లో డిస్‌ప్లే సెట్టింగుల్లో ‘స్క్రీన్ సేవర్’ వెతకండి. చాలా ఫోన్లలో గడియారం ఉంటుంది, దాన్ని మసకగా చేసే వీలూ ఉంటుంది. కంపెనీని బట్టి పేర్లు మారుస్తారు, దొరక్కపోతే మనవణ్ణి పిలవండి.

మీ స్క్రీన్ ఏ రకమో తెలుసుకోవాలంటే లైటార్పి ఒక నల్లబొమ్మ తెరవండి. గదిలో కలిసిపోయేంత నలుపైతే ఓఎల్‌ఈడీ, అక్కడ నల్లచుక్క అసలు వెలగదు. బూడిదరంగులో మెరిస్తే ఎల్‌సీడీ, వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. మంచం పక్కకు మొదటిదే మేలు. దానిమీద అంకెలు అప్పుడప్పుడూ కాస్త పక్కకు జరుగుతాయి. ఒకేచోట మచ్చ పడకుండా అలా చేస్తారు, రిపేరుకు పరిగెత్తకండి.

“పిల్లలు దూరాన ఉన్నారు, రాత్రి అర్జెంటు కాల్ వస్తే?” అని మీరు అడుగుతారు, న్యాయమే. కాల్స్, మెసేజ్‌లు మోగకుండా ఆపే ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టి, వాళ్ల నంబర్లకు మాత్రం అనుమతివ్వండి. మళ్లీ వెంటనే చేసిన కాల్ మోగే ఏర్పాటు కూడా ఉంది. ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. అర్జెంటైతే రెండుసార్లు చెయ్యమని పిల్లలకు చెప్పి ఉంచండి. మామూలుగా అలారానికి ఈ నిశ్శబ్దం అడ్డు రాదు. ఫోన్ పూర్తిగా ఆపేస్తే మాత్రం ఇప్పటి ఫోన్లలో చాలావాటికి అలారం మోగదు.

నిద్ర పట్టనివాళ్ల సంగతి వేరు. రెండయింది, రెండున్నరయింది అని లెక్కపెట్టుకుంటే ఉన్న నిద్ర కూడా పోతుంది. గడియారం కనపడకుండా తిప్పెయ్యమని నిద్ర వైద్యులే చెబుతారు. అలారం పెట్టి ఫోన్ బోర్లించండి.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది సొరుగులో పడున్న పాత ఫోన్. సిమ్ తీసెయ్యండి, వాట్సాప్ తీసెయ్యండి, గడియారం మిగలనివ్వండి. అప్పుడప్పుడూ వైఫై తగిలిస్తే టైమ్ సరిచేసుకుంటుంది. మన దేశపు టైమ్ లెక్కగట్టే 82½ డిగ్రీల రేఖ కాకినాడ దాపుల నుంచే పోతుంది, అయినా కాకినాడ వాళ్ల ఫోన్‌కీ టైమ్ నెట్‌వర్క్ నుంచే రావాలి!

పాత ఫోన్‌తో భయమల్లా బ్యాటరీతోనే. రోజంతా వైరు తగిలించి, నూరు శాతం మీద వేడెక్కనిస్తే తొందరగా ముసలిదవుతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది. ఎనభై దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టండి. దిండు కింద మాత్రం ఎప్పుడూ వద్దు, వేడి బయటకు పోదు.

పాత ఫోన్లు వెంట తెచ్చినవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. ముందు బల్లమీద వెల్లకిలా పెట్టి చూద్దాం. అటూ ఇటూ ఊగినా, స్క్రీన్ అంచు లేచినా దానికి ఛార్జర్ పెట్టం, ఈ-వేస్ట్ డబ్బాలోకే.